గడువు విమానానికే

సరిహద్దు దాటి వచ్చిన చిన్న విమానం నేల మీద ఆగింది. పళ్ళ డాక్టరు హాయిగా ఊపిరి పీల్చుకుని, తలుపు తీసి, ఒక కాలు బయట పెట్టాడు.

"కాలు లోపల పెట్టండి."

పెట్టేశాడు. ఆ గొంతు వింటే ఎవరైనా పెట్టేస్తారు. వానలో గొడుగు పట్టుకుని, యూనిఫాం వేసుకున్న ఒక అమ్మాయి నిలబడి ఉంది. కస్టమ్స్ ఆఫీసరని ఛాతీ మీద రాసి ఉంది. గొడుగు చిన్నది, వాన పెద్దది. అందుకే ఆమె ఎడమ భుజం పూర్తిగా తడిసిపోయింది. కోపం మాత్రం ఎక్కడా తడవలేదు.

"మీరు వస్తున్నట్టు మాకు ముందస్తు సమాచారం లేదు. కస్టమ్స్ తనిఖీ అయ్యేదాకా ఎవరూ దిగకూడదు, ఏదీ దించకూడదు" అంది.

"సమాచారం మా బాబాయి పంపించారండీ. పొద్దున్నే పంపించానని చెప్పారు."

"ఎక్కడికి పంపించారు?"

అతను ఫోన్ తీశాడు. నాన్న పోయాక అతన్ని పెంచింది బాబాయే. ఈ నాలుగు సీట్ల పాత విమానం కూడా బాబాయిదే. కళ్ళు మసకబారి లైసెన్సు పోయాక విమానాన్ని అన్న కొడుక్కి అప్పగించాడు గానీ, కాగితాల పెత్తనం మాత్రం వదులుకోలేదు.

"ఫ్యాక్స్ కొట్టాను కదరా. ఇరవై ఏళ్ళుగా ఆ నంబరుకే కొడుతున్నాను" అన్నాడు బాబాయి స్పీకర్లో.

"ఆ ఆఫీసు ఖాళీ చేసి ఆరేళ్ళయిందండీ" అంది ఆమె ఫోన్ వైపు వంగి. "గదికి తాళం వేశారు. మిషను లోపలే ఉంది. మీరు పంపినవన్నీ భద్రంగానే ఉండి ఉంటాయి."

అవతల బాబాయి ఏదో కాగితం మడతపెట్టిన చప్పుడైంది. తర్వాత, "ఒరేయ్, ఆ అమ్మాయి ఏం చెబితే అది చెయ్యి" అని పెట్టేశాడు.

ఆమె చెప్పింది ఇదీ: ఇంత చిన్న ఎయిర్‌ఫీల్డులో కస్టమ్స్ వాళ్ళు కాపలా కూర్చోరు. కబురు చేస్తే ఊళ్ళోంచి వస్తారు. ఆ కబురు రెండు గంటల ముందు అందాలి. ఇవాళ టవర్ వాళ్ళు చెబితే ఆమె స్కూటర్ మీద పరుగున వచ్చింది. కాబట్టి అతను ఇప్పుడు సరైన చిరునామాకి మెయిల్ పంపి, రెండు గంటలు విమానంలోనే కూర్చోవాలి.

"మీరు వచ్చేశారు కదండీ. మళ్ళీ రెండు గంటలెందుకు?"

"నేను వచ్చాను. రెండు గంటలు ఇంకా రాలేదు."

అతనికి నవ్వొచ్చింది. ఆమెకి రాలేదు. రెక్క కిందకొచ్చి నిలబడి, ఫారం ఉన్న అట్ట చేతిలోకి తీసుకుంది. కాలక్షేపానికి ప్రశ్నలు ముందే మొదలుపెట్టింది.

"ఎందుకొచ్చారు?"

"ఇంజన్ బాగుచేయించడానికి. ఇంత పాత ఇంజన్‌ని విప్పి మళ్ళీ బిగించగలిగిన మేస్త్రీ చుట్టుపక్కల ఇక్కడొక్కడే ఉన్నాడట. నా క్లినిక్‌లో కూడా నెల్లాళ్ళు రిపేర్లు, ఖాళీగానే ఉన్నాను."

"సామాను?"

"ఒక బ్యాగు. బట్టలు, ఆరు టూత్ బ్రష్షులు."

ఆమె తల పైకెత్తింది. "ఒక్క మనిషికి ఆరా?"

"అలవాటండీ. ఎవరైనా కనిపిస్తే ఇచ్చేస్తుంటాను."

"నాకు ఇవ్వబోకండి. రాసుకోవాల్సి వస్తుంది."

సరిగ్గా రెండు గంటలకి ఆమె కాగితం మీద ముద్ర వేసి చేతికిచ్చింది. "సుంకం కట్టకుండా ప్రైవేటు విమానం ఇక్కడ ఉండగలిగేది ముప్పై రోజులు. ముప్పయ్యో రోజు పొద్దుగూకేలోపు వెళ్ళిపోవాలి. లేకపోతే సీలు వేస్తాం."

"ముప్పై ఎందుకండీ, పదిరోజుల్లో పోతాను" అన్నాడు.

ఆ మాట అన్నందుకు తర్వాత తనని తాను చాలాసార్లు తిట్టుకున్నాడు.

మేస్త్రీ ఇంజన్ విప్పి, నేల మీద గుడ్డ పరిచి భాగాలన్నీ వరసగా పెట్టాడు. ఏమేం కొత్తవి కావాలో జాబితా రాశాడు. విదేశం నుంచి వచ్చే ప్రతి పార్శిలూ ఊళ్ళో కస్టమ్స్ ఆఫీసులో విడిపించుకోవాలి. నాలుగు కాపీల ఫారం నింపాలి, సంబంధిత ఆఫీసరు చూడాలి. ఆ ఆఫీసరు ఎవరో చెప్పక్కర్లేదు.

"అన్నీ ఒకేసారి తెప్పించు డాక్టరూ, పని తేలిపోతుంది" అన్నాడు మేస్త్రీ.

డాక్టరు సరేనని తలూపి, ఒక్కొక్కటే తెప్పించాడు.

మొదటి పార్శిలుకి ఆమె ఫారంలో మూడు తప్పులు పట్టింది. రెండోదానికి ఒకటే పట్టింది. మూడోదానికి ఒక్కటీ లేకపోయేసరికి ఆమె మొహం కొంచెం చిన్నబోయినట్టు అతనికి అనిపించింది. మర్నాడు నాలుగో పార్శిలుకి కావాలనే తేదీ తప్పు రాశాడు.

అయిదో పార్శిలు విప్పి, ఆమె అందులోని వస్తువుని రెండు వేళ్ళతో పట్టుకుని చూసింది.

"ఇదేంటి?"

"వాషరండీ."

"మరి నిన్న వచ్చినది?"

"అది దాని పక్క వాషరు."

"రెండూ ఒకే పెట్టెలో పట్టవా?"

"పడతాయండీ. కానీ..." ఏమీ తోచలేదు. కిటికీ వైపు చూశాడు. బయట వాన. "వానలు కదండీ, ఒకదానితో ఒకటి రాసుకుంటే తుప్పు పడుతుందని."

ఆమె తల దించుకుని ముద్ర వేసింది. పెదవులు గట్టిగా బిగించుకుంది గానీ, భుజాలు కదిలిపోతున్నాయి. నవ్వు ఆపుకోవడానికి ఆమె పడుతున్న అవస్థ చూస్తుంటే అతనికి కడుపు నిండిపోయింది. పార్శిలు బల్ల మీదే మర్చిపోయి వెళ్ళిపోయాడు. ఆమె వీధిలోకి పరుగెత్తుకొచ్చి ఇవ్వాల్సి వచ్చింది.

"ఆవిడది పన్ను వేసే పని, నీది పన్ను పీకే పని. బాగానే కుదిరింది" అన్నాడు మేస్త్రీ ఆ సాయంత్రం, గ్రీజు తుడుచుకుంటూ.

ఇన్ని చేసినా రోజులు ఆగలేదు. ఆమెకి నాన్న లేడనీ, ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటుందనీ, ఈమె టీలో పంచదార వేసుకోదనీ, అబద్ధం చెప్పాల్సివస్తే మెడ ఎర్రబడుతుందనీ అతనికి తెలిసిపోయింది. అసలు మాట మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోయేది. ఆమె ఆఫీసరు, తను దరఖాస్తుదారు. మధ్యలో బల్ల, బల్ల మీద ముద్ర. ఏం చెప్పినా పని కోసం చెప్పినట్టే ఉంటుందేమోనని అతని భయం.

ఇరవై ఏడో రోజు పొద్దున్న మేస్త్రీ ఇంజన్ స్టార్ట్ చేశాడు. ఒక్క తిప్పుకే అందుకుంది. ఎయిర్‌ఫీల్డంతా మోగిపోయింది. మేస్త్రీ పొంగిపోయాడు. డాక్టరు మాత్రం వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు. ఇంక మూడు రోజులు. ఆ తర్వాత ఈ ఊరికి మళ్ళీ రావడానికి ఏం వంక ఉంటుంది?

ఆ మధ్యాహ్నమే గడువు పెంచమని దరఖాస్తు రాశాడు. కారణం అన్నచోట, 'ఇంజన్ పని పూర్తి కాలేదు' అని రాశాడు.

ఆమె దరఖాస్తు చదివింది. చాలాసేపు చదివింది. రెండు లైన్ల కాగితానికి అంతసేపెందుకో అతనికి అర్థం కాలేదు.

"పొద్దున్న నేను వేరే తనిఖీకి మీ షెడ్డు పక్కకే వచ్చాను" అంది చివరికి.

అతను చేతిలోని పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

"ఇది నేను చూడలేను. పెద్ద మేడంకి పంపిస్తాను. రేపు పదింటికి రండి." తలెత్తలేదు. 'రండి' అన్న మాట కూడా కాగితంతోనే అంది.

ఆ రాత్రి అతనికి కంటిమీద కునుకు లేదు. తనేదో ఊహించుకున్నాడు. ఆమెకి తను ఒక ఫైలు, అంతే. తలనొప్పి ఫైలు. అందుకే పక్కబల్లకి నెట్టేసింది. అబద్ధం రాశాడని అసహ్యించుకుని కూడా ఉంటుంది. అదే అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది.

పెద్ద మేడం ఆ ఆఫీసుకి సూపరింటెండెంట్. ఆవిడ నవ్వగా చూసినవాళ్ళు లేరు. ఆ రోజు కుడిదవడ వాచి ఉండటం వల్ల నవ్వే అవకాశం బొత్తిగా లేదు.

"మేడం, ఆ దవడ..." అన్నాడు డాక్టరు అలవాటు కొద్దీ.

"నా దవడ జోలికొస్తే లంచం కింద రాస్తాను. కూర్చోండి" అంది ఆవిడ. ఫైలు తెరిచింది. "ఇంజన్ పని పూర్తి కాలేదా?"

అతను తన దరఖాస్తు వైపు చూశాడు.

"జవాబు చెప్పే ముందు, ఈ ఫైలు నా దగ్గరికెందుకొచ్చిందో చదవండి. దరఖాస్తుదారుకి చూపించకూడదని రూలేమీ లేదు."

దరఖాస్తుకి ఒక కాగితం గుచ్చి ఉంది. గుండ్రటి అక్షరాలు. ఈ నెల్లాళ్ళుగా తన ఫారాల మీద తప్పుల పక్కన రాసిన అక్షరాలే.

'ఈ దరఖాస్తులో చెప్పిన కారణం నిజం కాదని, ఇంజన్ పని పూర్తయిందని నాకు తెలుసు. అయినా దీన్ని వెంటనే తిరస్కరించడానికి నాకు చెయ్యి రాలేదు. దరఖాస్తుదారు ఇంకొన్నాళ్ళు ఇక్కడే ఉండాలని నాకు వ్యక్తిగతంగా కోరిక ఉంది. అందువల్ల ఈ విషయంలో నేను నిష్పక్షపాతంగా నిర్ణయం తీసుకోలేను. దయచేసి ఈ ఫైలును వేరే అధికారికి అప్పగించగలరు.'

కింద సంతకం, తేదీ, ముద్ర.

అతను మళ్ళీ చదివాడు. మూడోసారి చదవబోతే అక్షరాలు చెదిరిపోయాయి. తను ఒక వాషరు చాటున, ఒక తప్పుడు తేదీ చాటున, చివరికి ఒక అబద్ధం చాటున దాక్కున్నాడు. ఆమె తన మనసులోని మాటని పై ఆఫీసరుకి రాతపూర్వకంగా చెప్పుకుంది. ఉద్యోగం ఏమవుతుందో, నలుగురూ ఏమనుకుంటారో లెక్కచెయ్యలేదు. అతనికి సిగ్గేసింది. ఆ వెంటనే పట్టలేనంత సంతోషం కూడా వేసింది.

"తప్పుడు కారణం రాసిస్తే విమానం ఆపేయొచ్చు. కానీ నేనింకా ముద్ర వెయ్యలేదు. దిద్దుకుంటారా?" అంది పెద్ద మేడం, పెన్ను ముందుకి జరుపుతూ.

అతను పాత కారణం కొట్టేసి, కింద రాశాడు. 'ఇంజన్ బాగుంది. మీ ఆఫీసులో ఒకరిని వదిలి వెళ్ళలేక అడిగాను.'

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చదివింది. "ఈ కారణం రూల్సులో లేదు. తిరస్కరిస్తున్నాను" అని టక్కున ముద్ర వేసింది. "ఎల్లుండి పొద్దుగూకేలోపు మీ విమానం సరిహద్దు దాటాలి. ఆ కాగితాలు నేనే చూస్తాను. ఆ అమ్మాయి చూడకూడదు."

"సరే మేడం" అన్నాడు. కుర్చీలోంచి మాత్రం లేవలేదు.

"ఇంకేంటి?"

"ఏం లేదు మేడం. వెళ్ళిపోవాలి కదా."

పెద్ద మేడం అతన్ని ఎగాదిగా చూసింది. "ఈ తెలివితో డాక్టరెలా అయ్యారయ్యా మీరు? గడువు విమానానికి. మనిషికెవరు పెట్టారు? విమానం మీ ఊళ్ళో దింపేసి బస్సెక్కి రండి. రోజుకి రెండున్నాయి."

విమానం ఉన్నవాడికి బస్సులుంటాయని గుర్తుండదు. ఇతనికైతే ఈ నెల్లాళ్ళూ ఇంకేదీ గుర్తులేదు.

ఆమె వరండాలో కాపీల మిషను దగ్గర నిలబడి ఉంది. మిషను ఆగిపోయి చాలాసేపయినట్టుంది. చేతిలో తెల్లకాగితాలే ఉన్నాయి.

"చదివారా?" అంది, గోడ వైపు చూస్తూ. మెడ ఎర్రబడలేదు.

"చదివాను. నేనైతే అంత ధైర్యంగా రాయలేనండీ."

"రాశారుగా. మేడం గొంతు పెద్దది. ఇక్కడిదాకా వినిపించింది."

"అబద్ధం రాసినందుకు కోపమా?"

"ఉంది." ఇప్పుడు అతని వైపు తిరిగింది. కళ్ళనిండా నీళ్ళున్నాయి, వాటి మధ్యలో నెల్లాళ్ళుగా దాచిన నవ్వూ ఉంది. "మీరు వెళ్ళిపోతారని అంతకంటే ఎక్కువ ఏడుపొచ్చింది. రాత్రి అమ్మ పట్టేసింది. ఎవరే ఆ డాక్టరు అని అడిగితే అంతా చెప్పేశాను."

"ఏమన్నారు?"

"పెద్దవాళ్ళతో రమ్మను అంది."

"నాకు పెద్దవాళ్ళంటే బాబాయొక్కడే. ఆదివారం తీసుకొస్తాను. మీకు ఇష్టమేనా?"

"దానికి నాలుగు కాపీలు కావాలా?" అంది ఆమె.

గడువుకి అరగంట ముందు అతని విమానం సరిహద్దు దాటింది. పెద్ద మేడం కాగితాలు చూసింది. ఆమె దూరంగా కంచె అవతలే నిలబడింది, రూలు ప్రకారం.

ఆదివారం బస్సులో బాబాయి నాలుగున్నర గంటలు నిద్రపోలేదు. ఇస్త్రీ చొక్కా నలిగిపోతుందని సీటుకి ఆనుకోను కూడా లేదు. దారి పొడుగునా తను చెప్పబోయే మాటలు అప్పజెప్పుకుంటూనే ఉన్నాడు. "మా అన్న లేడు, ఆ స్థానంలో నేనే అడగడానికొచ్చాను, మా కుర్రాడు మంచివాడు... మంచివాడు తర్వాత ఏమనుకున్నాంరా?"

"బుద్ధిమంతుడు అన్నావు బాబాయ్."

"ఆ. బుద్ధిమంతుడు. పిల్లకి వినయంగా చెప్పాలి. ఒప్పుకోకపోతే నొచ్చుకోకూడదు." బాబాయి చేతులు చొక్కా అంచుని సర్దుతూనే ఉన్నాయి. ఒకప్పుడు మబ్బుల్లో విమానం నడిపిన చేతులు అవి. డాక్టరు వాటిమీద తన చెయ్యి వేశాడు.

బస్సు ఆగింది. బస్టాండులో ఆమె ముందే వచ్చి ఉంది. యూనిఫాం లేకుండా ఆమెని చూడటం అతనికి ఇదే మొదటిసారి. చూస్తూ ఉండిపోయాడు. ఆమె మాత్రం అతని వైపు చూడలేదు. నేరుగా వచ్చి, కళ్ళు సరిగ్గా ఆనక మెట్టు కోసం తడుముకుంటున్న బాబాయి చెయ్యి పట్టుకుని దింపింది. ఆయన భుజం మీది సంచి తీసి తన భుజానికి వేసుకుంది.

బాబాయి గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, మా అన్న లేడు..."

"ప్రయాణంలో అలిసిపోయారా, మామయ్యగారూ? అమ్మ ఎదురుచూస్తోంది. మెల్లగా నడవండి" అంది ఆమె.

బాబాయి ఆగిపోయాడు. తన సొంత పిల్లలంటూ ఎవరూ లేని ఆయన్ని ఆ వరసలో పిలిచినవాళ్ళు ఇంతవరకూ లేరు. నాలుగున్నర గంటలు కూడబెట్టుకున్న మాటల్లో ఒక్కటీ బయటికి రాలేదు. కళ్ళజోడు తీసి చొక్కాతో తుడిచాడు. చొక్కా నలిగిపోయింది. మళ్ళీ పెట్టుకుని, ఆమెని ఒకసారి చూసి, అబ్బాయి వైపు తిరిగాడు.

"నేను అడగడానికేమీ మిగల్చలేదురా ఈ పిల్ల" అన్నాడు.