పన్నెండో మిషన్

బల్ల మీద బ్యాగు నోరు తెరుచుకుని ఉంది. టెక్నీషియన్ కేబుళ్లు చుట్టలు చుట్టి అందులో పెడుతున్నాడు. వాటి మీద ఛార్జర్లు, స్క్రూడ్రైవర్ల పెట్టె, అన్నిటికన్నా పైన, స్టాకు లెక్కకు వాడే, అరచేతిలో ఇమిడే మిషన్. ఎవరు సామాను సర్దుకుంటున్నా అక్క చూపు పక్కకు తిప్పుకుంటుంది. ఆ మందుల గోడౌనుకు ఇన్‌చార్జి ఆవిడే. పరాయివాడి బ్యాగు చూసి నాకెందుకు దిగులని తనను తానే కసురుకుంది.

పది రోజుల కిందట, గోడౌనులోని పన్నెండు మిషన్లకూ కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి వచ్చిన పూటే, అక్కడే స్టాకు చూసే చెల్లెలికీ అతనికీ మాటా మాటా పెరిగింది. మిషన్ స్టాండులో పెట్టడం కూడా రాదా అని అతనన్నాడు. ఎప్పుడూ ప్లగ్గు వెతుక్కుంటాడని ఆమె అతనికి ఛార్జరని పేరు పెట్టింది. తీరా చూస్తే, గంటలో సాఫ్ట్‌వేర్ ఎక్కాల్సిన మిషన్‌కు ఒక్కోదానికి పూట పడుతోంది. అక్క చూసీ చూడనట్టు ఊరుకుంది.

"పన్నెండోది మీరే ఎక్కించండి మేడమ్. నాలుగింటికి నా బస్సు," అన్నాడు చెల్లెలితో.

"తప్పు చేస్తే?"

"నన్ను తిట్టుకోండి. మీకు అలవాటే కదా."

అతను వెళ్లిపోయాడు. చెల్లెలు తల ఎత్తలేదు. బల్ల మీద మిగిలిన మిషన్‌ను, గోడౌను కంప్యూటరుకు తగిలించిన స్టాండులో పెట్టింది. గెస్ట్‌గా కలపాలా, శాశ్వతంగా కలపాలా అని కంప్యూటరు అడిగింది. గెస్ట్ అంటే సాఫ్ట్‌వేర్ ఒక్కటే ఎక్కుతుంది. శాశ్వతమంటే మిషన్‌లో ఉన్నవన్నీ కంప్యూటరులోకి వచ్చేస్తాయి. అతను పక్కనుండగా పదకొండుసార్లు సరిగ్గా నొక్కిన పిల్ల ఈసారి పరధ్యానంలో రెండోది నొక్కింది.

తెర నిండా క్యాలెండరు పరుచుకుంది. అక్క వంగి చూసి కొయ్యబారిపోయింది.

మొదటి మంగళవారం గడిలో, 'స్టాకు మేడమ్‌కు చెప్పాలి.' బుధవారం, 'రేపు తప్పకుండా.' అలా తొమ్మిది రోజులూ రేపటికి వాయిదా. ఇవాళ గురువారం గడిలో, 'నాలుగింటికి బస్సు. ఇక చెప్పను.'

చెల్లెలి ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఇది ఛార్జరు సొంత మిషన్ అక్కా. రెండూ ఒకేలా ఉంటాయి. మనది తన బ్యాగులో వేసుకుపోయాడు."

అమ్మ పోయాక పదకొండేళ్లుగా ఇంట్లో అక్కాచెల్లెళ్లిద్దరే. కొరియర్‌లో తెప్పిద్దాం, ఆగవే అన్న మాట అక్క నాలుక చివరిదాకా వచ్చింది. గడియారం మూడు నలభై చూపిస్తోంది. స్టాండులోంచి మిషన్ తీసి చెల్లెలి చేతిలో పెట్టింది.

"పో. మిషన్ మార్చుకుని ఊరికే వెనక్కి వచ్చావంటే గుమ్మం ఎక్కనివ్వను."

రాత్రి కాకముందే చెల్లెలి ఫోను వచ్చింది. తనే ముందు చెప్పేసిందట. అతను బ్యాగు మీద కూలబడ్డాడట. మాటల్లోనే ఇద్దరూ ఎక్కిన బస్సు కదిలిందట. అతని ఊరికి, అతని తల్లి దగ్గరికే వెళ్తున్నారట. చెల్లెలు నవ్వుతోందో ఏడుస్తోందో అక్కకు తెలియలేదు.

రెండు నెలలకు ఆ ఊళ్లోనే పెళ్లి. అక్క వెళ్లి మనసారా దీవించి వచ్చింది. చెల్లెలికి అక్కడే ఉద్యోగం దొరికింది. బాగున్నారు.

చెల్లెలు మాత్రం అక్క ఇంట్లో ఉండటానికి మళ్లీ రాలేదు. అక్క లెక్కలో ఆమె ఇల్లు విడిచి వెళ్లింది ఆ గురువారం, మధ్యాహ్నం మూడు నలభైకి.