అద్దాలున్న రోడ్‌స్టర్

ఆ పొద్దున షెడ్డు తలుపులు తీసినప్పటి నుంచీ కూతురికి కాలు ఒకచోట నిలవలేదు. పాత కార్లు బాగుచేసి అమ్మే ఆ షెడ్డు తండ్రి కష్టార్జితం. ఈమధ్యే ఆమె కూడా వచ్చి చేరింది. గట్టి కప్పులేని రెండు సీట్ల రోడ్‌స్టర్ కావాలంటూ ఒక లాయరు చాలా దూరం నుంచి వస్తున్నాడు. తమ దగ్గర అది ఉందని ఫోన్లో ఆయనకి చెప్పింది తండ్రే.

లాయరు వచ్చాడు. కారు చుట్టూ మురిపెంగా తిరిగాడు. డోరుకున్న పిడి తిప్పగానే కిటికీ అద్దం పైకి లేచింది. ఆయన ముఖం వాడిపోయింది.

"రోడ్‌స్టర్ డోర్లకి అద్దాలుండవు కదమ్మా. ఇది అద్దాలూ మడిచే కప్పూ ఉన్న డ్రాప్‌హెడ్ కూపే. ముందే చెప్పుంటే ఇంత దూరం వచ్చేవాణ్ణి కాదు."

ఆయన వెళ్ళగానే కూతురు తండ్రి వైపు తిరిగింది. "ఏంటి నాన్నా ఇది? మన పరువేం కాను?"

"పేర్లదేముందే? గట్టి కప్పున్న కారుని ఒకచోట సెలూన్ అంటే ఇంకోచోట సెడాన్ అంటారు. దీన్నే కొందరు కాబ్రియోలే అంటారు. కంపెనీకో మాట."

"సరే, మరి మొన్న ఆ సెలూన్‌ని టూరర్ అన్నావేం? టూరర్‌కి గట్టి కప్పుంటుందా?"

తండ్రి గుడ్డ తీసుకుని కారు తుడవసాగాడు. తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడుస్తున్నాడు. చిన్నప్పుడు కూతురు కారు పేరు తప్పు చెప్తే, సరిగ్గా పలికేదాకా అన్నానికి లేవనిచ్చేవాడు కాదు. అలాంటి మనిషి ఇప్పుడు పేర్లదేముందంటున్నాడు. ఆమె కోపం ఉన్నట్టుండి భయంగా మారింది. పక్కనున్న సెలూన్ మీద చెయ్యి వేసింది.

"నాన్నా, ఇదేంటి?"

ఆయన చాలాసేపు చూశాడు. పెదవులు కదిలాయి.

"నల్లది," అన్నాడు చివరికి.

కూతురు ఆయన దగ్గరికి జరిగింది.

"మాటలు నోటిదాకా వచ్చి జారిపోతున్నాయే," అన్నాడాయన తలొంచుకుని. "ఇంట్లో గరిటె పేరు గుర్తురాకపోతే మీ అమ్మ పట్టేస్తుంది. ఇక్కడైతే కారుకి ఏ పేరు చెప్పినా ఎవరో ఒకరు ఔననే అంటారు. అందుకే పొద్దస్తమానం ఇక్కడే పడుంటున్నా."

"పట్టేసి చాలా రోజులైంది," అంది తల్లి. టీ ఫ్లాస్కుతో ఎప్పుడొచ్చిందో, గుమ్మంలో నిలబడి ఉంది. "మీరే చెప్తారని ఎదురుచూస్తున్నా."

ఆమె వచ్చి ఆయన చేతిలోని గుడ్డ తీసుకుని పక్కన పెట్టింది.

"డాక్టరు దగ్గరికి వెళ్దాం నాన్నా."

"వెళ్ళి ఏం చెప్పనే? నాకు మాటలే రావట్లేదంటుంటే."

"నువ్వు చెప్పక్కర్లేదు. పక్కన మేముంటాంగా," అంటూ కూతురు ఆయన భుజం మీద తలపెట్టి ఏడ్చేసింది. ఆయన చెయ్యి ఆమె జుట్టు నిమురుతూనే ఉంది.