మామయ్యగారి మామూలు బీపీ

"మీ మామగారిని ఇవాళ ఆపరేషన్ టేబుల్ మీదే లేపేస్తారు" అన్నాడు చీఫ్, డొంకతిరుగుడు లేకుండా.

ఏజెంట్ పిచ్చుక రెప్ప వేయలేదు. "ఎలా?"

"తెలీదు. తుపాకీ కాదు, విషం కాదు. మన డిపార్ట్‌మెంట్‌లో శత్రుదేశానికి అమ్ముడుపోయిందెవరో ఆయనే డీకోడ్ చేశాడు. ఆపరేషనయ్యాక విచారణ కమిటీ ముందే చెప్తానని మొండికేశాడు. నీ మొగుణ్ణి సరిహద్దులో పట్టించి చంపించింది ఆ అమ్ముడుపోయినవాడేనట. మత్తు డాక్టరు మన ఏజెంట్ చిలకే. నువ్వు టెక్నీషియన్‌గా వెళ్ళు."

సొంత కొడుకని కూడా చూడకుండా తన మొగుణ్ణి గూఢచారిగా సరిహద్దు దాటించింది ఈ మామే. ఆయనకి తను కాపలా!

థియేటర్ తలుపు దగ్గర గార్డు గొణిగాడు: "ఎండ మండుతోంది."

"గొడుగు మర్చిపోయాను."

తలుపు తెరుచుకుంది.

లోపల ముసలాయన కడుపు కోసి ఉంది. తల దగ్గర చిలక. మాస్కు వేసుకున్నా ఆ కళ్ళు చాలు, మగ ఏజెంట్లు సగం రహస్యాలు కక్కేయడానికి.

"బీపీ ఎలా ఉందమ్మా?" అన్నాడు సర్జన్.

"నూట పన్నెండు సార్. పడుచువాడి బీపీ!" అంది చిలక.

సర్జన్ నవ్వాడు. పిచ్చుక తెర మీది అంకె మళ్ళీ చూసుకుంది. రోజూ పొద్దున ఆయన జబ్బకి బీపీ పట్టీ చుట్టేది తనే. ఆయనకి నూట అరవై మామూలు. ఓసారి మందు ఎక్కువై నూట ఇరవైకి దిగితే, తన పేరే మర్చిపోయి గోడకి జారబడ్డాడు. లోకానికి మంచి బీపీ ఆయనకి ఉరితాడు. ఇలాగే సాగితే మెదడుకి రక్తం చాలదు. చార్టు మాత్రం శుభ్రంగా ఉంటుంది!

"డాక్టరమ్మా, ఈయనకిది తక్కువ. పెంచండి."

చిలక ఆమె చెవి దగ్గరికి వంగింది. "పుస్తకం ప్రకారం బాగానే ఉందిగా! నీ తాళి తెంచినవాడే ఇతను. ఊరికే నిలబడు, చాలు. నీ చేతికి మట్టి కూడా అంటదు."

పిచ్చుక నిలబడింది.

నూట నాలుగు. తొంభై ఎనిమిది. అలారం కూయలేదు. ముందే దాని నోరు నొక్కేశారు.

మొగుణ్ణి అమ్మినవాడి పేరు ఆ ముసలి బుర్రలోనే ఉంది. అది ఆరిపోతే?

జేబులో పెన్ను నొక్కింది. సన్నటి మత్తు సూది చిలక తొడలో దిగింది. చిలక స్టూలు మీదే ఒరిగిపోయింది.

"సార్, డాక్టరమ్మ పడిపోయింది! ఇంకో మత్తు డాక్టర్ని పిలవండి! ఈయన బీపీ పడిపోతోంది!" అంటూనే బీపీ నిలబెట్టే మందు పంపు పెంచేసింది.

"తొంభై ఎనిమిదికే ఇంత గోలేంటి? నీకేం తెలుసు?"

"కోడల్ని సార్! నాకు కాక ఎవరికి తెలుస్తుంది?"

నూట ఇరవై... నూట నలభై... నూట యాభై ఐదు. పరుగున వచ్చిన రెండో డాక్టరు అక్కడే నిలబెట్టాడు.

మర్నాడు సాయంత్రం ఆసుపత్రి మంచం దగ్గరికే వచ్చిన కమిటీ ముందు ముసలాయన చెప్పిన పేరు చీఫ్‌ది. అప్పటికప్పుడే చీఫ్‌కీ, చిలకకీ సంకెళ్ళు పడ్డాయి.

"మరి నన్నెందుకు పంపాడు మామయ్యగారూ?"

"కాపలా పెట్టాననిపించుకోవడానికి. పైగా నా మీద కసితో నువ్వు కదలవని వాడి ధీమా. చూశావా, మనుషుల్ని చదవడం రాని వెధవ!"

పిచ్చుక ఆయన జబ్బకి పట్టీ చుట్టింది.

"వాడికి చదవడం వచ్చు మామయ్యగారూ. నాలో చివరి పేజీ ఒక్కటే చూడలేదు."