పదకొండు పీలికల తాడు

విచారణ లోపు చేయాల్సిన పనులు:

ఒకటి. అర్జీ మీద ఇంకా నలభై సంతకాలు.

రెండు. నది నీళ్ళు మూడు సీసాల్లో పట్టాలి. మూతలు గట్టిగా ఉండాలి. పోయినసారి బస్సులో ఒకటి కారి, ముందు సీటు వాళ్ళు ముక్కు మూసుకుని దిగిపోయారు.

మూడు. హాస్టల్ దుప్పట్లు గురువారం డెలివరీ.

నాలుగు. మైకు ఇస్తానన్న టైలర్ మామయ్యకి మళ్ళీ గుర్తు చేయాలి.

ఐదు. తాతయ్య చెవి మిషన్‌కి బ్యాటరీ.

ఆరు. సర్వేకి వచ్చే కంపెనీ వాళ్ళతో ఎవ్వరూ ఒక్క మాట కూడా మాట్లాడకూడదని ఇంటింటికీ చెప్పాలి.

ఆరో దాని కింద రెండు గీతలు గీసి ఉన్నాయి. ఈ కథలో జరిగిన నష్టమూ మంచీ రెండూ ఆ గీతల దగ్గరే మొదలయ్యాయి.

జాబితా రాసిన అమ్మాయిని వీధిలో అందరూ గ్రాడ్యుయేట్ అనేవారు. వెటకారానికి కాదు, ఆ వీధిలో డిగ్రీ దాకా వెళ్ళింది తనొక్కతే. తొమ్మిది ఇళ్ళు, తొమ్మిదీ లాండ్రీలే, పెరటికొక బావి. నాన్న ఆమె పట్టాని ఇస్త్రీ బల్లకి ఎదురుగా తగిలించి, ఆవిరికి అద్దం మసకబారినప్పుడల్లా తుడిచేవాడు. కరెంటు బిల్లు ఎక్కువొచ్చినా, బడిలో ఫారం నింపాల్సొచ్చినా అందరూ ఆ ఇంటి గుమ్మమే ఎక్కేవారు.

ఒకప్పుడు వీళ్ళంతా వీధి వెనకున్న నదిలోనే బట్టలు ఉతికేవాళ్ళు. ఎగువన ఫ్యాక్టరీలు వచ్చాక నది రోజుకో రంగు తిరగడం మొదలెట్టింది. తెల్ల చొక్కా ముంచితే లేత ఆకుపచ్చగా తేలేది. దాంతో బావుల్లోకి మోటార్లు దింపుకున్నారు. ఇప్పుడు వీధికీ నదికీ మధ్యనున్న పాత ఇటుక బట్టీల గుంటల్లో నగరం చెత్తంతా ఒక కంపెనీ పోస్తుందట. ముందు ఆ కంపెనీ సర్వే, తరవాత జనం మాట వినే విచారణ. "నది ఎలాగూ పాడైపోయిందిగా" అన్నాడట ఒక ఆఫీసరు. ఆ మాట విన్న రోజునుంచి గ్రాడ్యుయేట్‌కి సరిగ్గా తిండి సహించలేదు. నది పోయింది. బావులు కూడా పోతే వీధిలో ఇంకేం మిగలదు. కంపెనీ వాళ్ళకి ఏం చెప్పినా అది తమ మీదికే తిప్పుతారని ఆమె భయం.

సర్వే అబ్బాయి ఒక ఎండపూట పదకొండింటికి వచ్చాడు. చేతిలో చుట్టలా చుట్టిన టేపు, దాని చివర నీటికి తగిలితే కూత పెట్టే ఇనప గుండు.

"ఏమండీ, బావి మూత ఒకసారి తీస్తారా? నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయో కొలవాలి."

చంకలో బట్టల మూటతో నిలబడ్డ గ్రాడ్యుయేట్ పలకలేదు.

అతను గొంతు పెంచాడు. "బావి. మూత." చేత్తో మూత తీస్తున్నట్టు చూపించాడు. ఆమె రెప్ప వేయకుండా చూసింది. అతను వంగి, చేద లాగుతున్నట్టు నటించాడు. తరవాత నీళ్ళు తాగుతున్నట్టు, ఆ తరవాత ఎందుకో ఈత కొడుతున్నట్టు కూడా.

అరుగు మీది తాతయ్య పకపకా నవ్వాడు. "దాని చెవులు బానే ఉన్నాయి బాబూ. చెవుడు నాది."

అబ్బాయి ముఖం కందిపోయింది. ఆమెకి నవ్వు గొంతుదాకా వచ్చింది. మూటలో ముఖం దాచుకుంది.

తాతయ్యకి ఆరో నంబరు సంగతి తెలీదు. ఐదో నంబరు ఇంకా కాలేదు కాబట్టి, ఇంటింటికీ చెప్పిన మాట ఆయన చెవిన పడలేదు. కర్ర పట్టుకుని తనే వెళ్ళి మూత తీశాడు. నలభై ఏళ్ళు బావుల్లోకి దిగి పూడిక తీసిన మనిషి. టేపు కిందికి జారుతుంటే చూసి, "ఇప్పుడు కొలిస్తే ఏమొస్తుందిలే బాబూ, అసలు..." అంటూ మొదలెట్టాడు.

గ్రాడ్యుయేట్ ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది.

"ఏంటే, చెప్పనీ."

ఆమె వేలు పెదవుల మీద పెట్టి చూపించింది. బయట గుండు కూత పెట్టింది. ఇరవై ఆరు అడుగులు. అబ్బాయి రాసుకుని పక్కింటికి వెళ్ళాడు. అక్కడా మూత తీశారు గానీ నోరు తెరవలేదు.

సాయంత్రం అతను బురద చొక్కాలు రెండు పట్టుకుని వచ్చాడు. ఆమె తండ్రి వంక ఉరిమి చూసింది.

"మాటలు వద్దన్నావు. బట్టలు వద్దన్లేదుగా తల్లీ," అన్నాడు నాన్న, చొక్కాలు అందుకుంటూ.

ఆమె పద్ధతిగా చీటీ రాసి చొక్కాకి గుచ్చింది. మూడోరోజు అతను చొక్కాలు తీసుకెళ్ళాడు. మర్నాడు ఇంకో మురికి చొక్కా వచ్చింది, జేబులో ఒక చిన్న పొట్లం, ఒక కాగితం.

"మీ చీటీ వెనక పనుల జాబితా ఉంది. ఐదో నంబరు నేను చూసుకున్నాను. మెడికల్ షాపులో చాలా చెవి మిషన్లకి ఇదే పడుతుందన్నారు. ఆరో నంబరు అర్థమైంది. కాగితం మీద రాయొచ్చో లేదో జాబితాలో లేదు."

గ్రాడ్యుయేట్ గబగబా పుస్తకాల్లో వెతికింది. జాబితా లేదు. అతని చొక్కాకి తను గుచ్చింది అదే. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అయినా బ్యాటరీ తాతయ్య మిషన్‌లో వేసింది. ఆ రోజే ఆయనకి ఆరో నంబరు చెవిలో చెప్పింది.

"బ్యాటరీ ఇచ్చిన పిల్లాడితోనే మాట్లాడొద్దా?" అన్నాడు తాతయ్య. "చెవులొచ్చిన రోజే నోరు పోయిందన్నమాట."

ఆ తరవాత చొక్కాలు రోజూ వచ్చాయి. ఆమె చీటీలూ వెళ్ళాయి.

"ఎడమ మోచేతి మీద బురద. కుడి మోచేతి మీద కూడా బురద. మీరు కొలుస్తున్నారా, పొర్లుతున్నారా?"

"గుంటలో జారాను. మీ వీధివాళ్ళు ఏడుగురు చూశారు. ఎవరూ నవ్వలేదు, అదే బాధ. మీరైనా నవ్వండి, అది మాట కిందికి రాదు."

"నవ్వాను. గుండీ ఒకటి ఊడితే కుట్టాను. దానికి అర్థాలు వెతక్కండి."

"వెతకలేదు. రాత్రంతా వెతకలేదు."

నాన్న ఇస్త్రీ చేస్తూ, "ఈ చొక్కా శుభ్రంగానే ఉందే, మళ్ళీ ఎందుకు తెచ్చాడు?" అని అడిగితే ఆమె, "మరక పోలేదట," అని కిటికీలోకి చూసింది. బయట ఆకాశం చినుకు వేయాలా వద్దా అని ఆలోచిస్తోంది.

విచారణకి వారం ముందు, కంపెనీ రిపోర్టు మున్సిపల్ ఆఫీసులో బల్ల మీద పెట్టారు. ఎవరైనా వచ్చి చదువుకోవచ్చు. వీధి తరఫున గ్రాడ్యుయేట్ వెళ్ళి, నిలబడే చదివింది. తొమ్మిది బావుల్లోనూ నీరు ఇరవై అయిదు అడుగుల కింద ఉందట. గుంట లోతు పదిహేను. కాబట్టి చెత్త ఊట నీళ్ళకి తగిలే ప్రమాదం లేదట.

ఆమె కళ్ళు పట్టికలో ఒక చోట ఆగిపోయాయి. కొలిచిన వేళ: పదకొండు గంటల పది నిమిషాలు.

నేరుగా ఇటుక బట్టీల దగ్గరున్న రేకుల షెడ్డుకి వెళ్ళింది. అతను టీ తాగుతున్నాడు. ఆమెని చూసి గ్లాసు పక్కన పెట్టి లేచాడు.

"మా బావి ఇరవై ఆరు అడుగులా?" అంది. ఆమె గొంతు అతను వినడం అదే మొదటిసారి.

"మీ కళ్ళ ముందేగా కొలిచాను."

"పొద్దున అయిదింటికి మోటార్లు వేస్తాం. పదకొండింటికి వీధిలో బట్టలన్నీ ఉతికేసి తాళ్ళ మీద ఉంటాయి. బావులన్నీ అడుక్కి పోయి ఉంటాయి. మీరు బావుల్ని కొలవలేదు. మా ఉతుకుడుని కొలిచారు."

అతను కుర్చీ అంచున కూలబడ్డాడు. మెల్లగా అన్నాడు. "ఈ ముక్క ఆ రోజు ఒక్కరు చెప్పి ఉంటే..."

"తాతయ్య చెప్పబోయాడు."

"మరి?"

"నేనే లోపలికి లాక్కుపోయాను. అందరి నోళ్ళూ నేనే మూయించాను. చదువుకున్నదాన్ని కదా, నేను చెబితే విన్నారు."

అతను టీ గ్లాసు ఆమె వైపు జరిపాడు. అది తను సగం తాగిన గ్లాసని గుర్తొచ్చి మళ్ళీ వెనక్కి లాక్కున్నాడు. అంత బాధలోనూ ఆమెకి నవ్వొచ్చింది.

"అడగాల్సింది నేను," అన్నాడు. "బావి చుట్టూ అన్ని తడిబట్టలు ఆరేసి ఉన్నాయి. నేను చూసింది మాత్రం మిమ్మల్నే."

మర్నాడు వీధిలో మోటార్లన్నీ ఆగాయి. రోజంతా మూటలు విప్పలేదు. ఆ పై తెల్లవారాక అతను మళ్ళీ గుండు దింపాడు. నడివేసవిలో, పదహారు అడుగులకే కూత పెట్టింది. తొమ్మిది బావుల్లోనూ దాదాపు అంతే.

"వేసవిలోనే ఇలా ఉంటే, వానల్లో ఎంత పైకొస్తుందో రాసిపెట్టినవాళ్ళు ఎవరూ లేరా?" అన్నాడు అతను.

ఆమె తాతయ్య వైపు తిరిగింది. "ఇక మాట్లాడు తాతయ్యా. నా తప్పే."

తాతయ్య అటక మీంచి ఒక పాత చేదతాడు దింపించాడు. దానికి అక్కడక్కడా గుడ్డ పీలికలు కట్టి ఉన్నాయి, రంగుకొకటి, మొత్తం పదకొండు.

"వానలు బాగా ముదిరినప్పుడు నీళ్ళు ఎందాకా వస్తే అందాకా ఓ పీలిక. అక్కడిదాకా గోడ నానిపోయిందని లెక్క. వేసవిలో పూడికకి దిగేటప్పుడు ఆ రాళ్ళ మీద కాలు వేయకూడదు. ఒకసారి వేశా, నడుం పోయింది. అప్పట్నుంచి ఏడాదికొకటి కడుతున్నా."

"ఏ పీలిక ఏ ఏడాదిదో గుర్తుందా తాతా?" అన్నాడు అబ్బాయి.

"ఈ నీలంది దీని స్కూలు గౌను. ఆరో తరగతి. ఈ తెల్లది దీని కాలేజీ యూనిఫారం. మిగతావి దీని నాన్నని అడుగు, ఎవరి బట్ట ఎప్పుడు చింపామో మా వాళ్ళకి మర్చిపోవడం చేతకాదు."

అబ్బాయి తాడు పొడవునా టేపు పరిచాడు. గట్టు నుంచి లెక్కిస్తే పైనున్న పీలిక అయిదు అడుగుల దగ్గర ఉంది. పదిహేను అడుగుల గుంటలో చెత్త పోస్తే, ప్రతి వానకీ అది ఈ నీళ్ళలోనే నానుతుంది.

"ఇది మీరు విచారణలో చూపించండి," అన్నాడు.

"మీరు?"

"కొత్త కొలతలు ఇందాకే ఫోన్లో కంపెనీకి చెప్పాను. రిపోర్టు మార్చం, నోరు తెరిస్తే ఉద్యోగం ఉండదన్నారు." నవ్వడానికి ప్రయత్నించాడు. "నాకూ ఒక ఆరో నంబరు వచ్చింది."

ఆమె అతన్ని ఏమీ అడగలేదు. అడిగే హక్కు తనకి లేదనిపించింది.

విచారణ బడి హాల్లో జరిగింది. టైలర్ మామయ్య మైకు రెండుసార్లు గుర్రుమని మూడోసారి పలికింది. గ్రాడ్యుయేట్ రాసుకొచ్చిన నాలుగు పేజీలు పక్కన పెట్టేసింది.

"రిపోర్టులో కొలతలు తప్పు. ఆ తప్పులో సగం నాది. మా వీధిని మాట్లాడొద్దన్నది నేనే," అని మొదలెట్టింది. తాడు ముందు వరస బల్లల మీదుగా పరిచి, ఒక్కో పీలికా దాని ఏడాదీ చెప్పింది.

విచారణాధికారిణి కళ్ళజోడు సర్దుకుని, "తాడు ఎవరైనా ఎలాగైనా కట్టొచ్చు కదమ్మా," అంది. కోపంగా కాదు, అడగాల్సిన పద్ధతిలో అడిగింది.

వెనక వరసలో కుర్చీ కిర్రుమంది.

"మిగతా సగం తప్పు నాదండి," అన్నాడు సర్వే అబ్బాయి. "కొలిచింది నేను. తాడు సంగతి వానలే చెబుతాయి. మోటార్లు ఆపి కొలిచిన అంకెలు మాత్రం నా దగ్గరున్నాయి." కంపెనీ మేనేజరు చొక్కా పట్టుకుని కూర్చోబెట్టబోయాడు. గ్రాడ్యుయేట్ కుట్టిన గుండీ మాత్రం ఊడలేదు.

ఒక వానాకాలం మొత్తం వారం వారం కొలిచి చూశాకే నిర్ణయమని అధికారిణి రాయించింది. కొలిచే పని కాలేజీ ప్రయోగశాలకి అప్పగించింది. అబ్బాయి ఉద్యోగం ఆ సాయంత్రమే పోయింది. పదిహేను రోజులకి, సగం జీతం మీద, ఆ ప్రయోగశాల వాళ్ళే అతన్ని పెట్టుకున్నారు. ఆ వీధి బావులు తెలిసినవాడు వాళ్ళకి ఇంకొకడు దొరకలేదు.

వానలొచ్చాయి. వారం వారం ఇద్దరూ ఒకే గొడుగు కింద బావుల చుట్టూ తిరిగారు. అంకెలు రాసుకునే పుస్తకానికే గొడుగు పట్టి ఇద్దరూ తడిసేవారు. తాతయ్య అరుగు మీద కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. బ్యాటరీ ఈపాటికి అయిపోయుంటుంది, ఆయనకి వినపడదన్న ధీమాతో ఒకరోజు అబ్బాయి అన్నాడు. "చీటీల్లో రాయలేని మాట ఒకటుంది. నా బట్టలన్నీ జీవితాంతం ఈ ఇంట్లోనే ఉతికించుకోవాలనుంది."

"ఎవరి బట్టలు వాళ్ళే ఉతుక్కోవాలి," అంది ఆమె. "గుండీలు మాత్రం కుడతాను."

"అంటే సరేననా?"

"అర్థాలు వెతక్కండి." పుస్తకంలో అంకె తప్పు వేసి, కొట్టేసి, మళ్ళీ అదే తప్పు వేసింది.

రాత్రి అన్నాల దగ్గర తాతయ్య నాన్నతో అన్నాడు. "పిల్లాడు మంచోడురా. బట్టలు తనే ఉతుక్కోడానికి ఒప్పుకున్నాడు." గ్రాడ్యుయేట్‌కి పొలమారింది. "అదేంటే అలా చూస్తావ్? మొన్నే కొత్త బ్యాటరీ వేయించుకున్నా." నాన్న లేచి వెళ్ళి పట్టా అద్దం శుభ్రంగా తుడిచి వచ్చాడు. అది ఆయన ఒప్పుకోలు.

వానలు ముదిరిన వారంలో నీళ్ళు అయిదున్నర అడుగులకి వచ్చాయి. ఆ వారం చూడ్డానికి తాతయ్య లేడు. నాలుగు రోజుల ముందు నిద్రలోనే వెళ్ళిపోయాడు. పన్నెండో పీలిక వాళ్ళిద్దరే కట్టారు, ఆయన పాత చొక్కా చింపి. ముడి వదులైతే అతను విప్పాడు. ఆమె మళ్ళీ బిగించింది.

గుంటల్లో చెత్త పోయకూడదని ఆర్డరు వచ్చింది. అందులో కొలతలున్నాయి, తేదీలున్నాయి, ప్రయోగశాల ముద్ర ఉంది. తాతయ్య ప్రస్తావన ఎక్కడా లేదు. అందుకే ఈ కథ. మీకు ఎక్కడైనా బావి గట్టున ఒక ముసలాయన టేపు వంక చూసి "ఇప్పుడు కొలిస్తే ఏమొస్తుందిలే బాబూ" అంటే, ఆయన్ని మాట పూర్తి చేయనివ్వండి. అప్పుడు ఒక్కసారి లాండ్రీ వీధి తాతయ్యని తలుచుకోండి.