చరిత్ర డిగ్రీకి ఒక ప్రతివాది కావలెను

గోడ మీద నిన్న సాయంత్రం ఆడుతోంది.

అందులో అబ్బులు అరుగు మీద కాళ్లు జాపుకుని మిరపకాయ బజ్జీ తింటున్నాడు. ఎదురుగా అతని మరదలు ముక్తావళి నిలబడి ఉంది.

"కోపంగా అనాలా, బాధగా అనాలా?" అని అడిగాడు నిన్నటి అబ్బులు.

"కోపంగా అను బావా. నేను రాసిందంతా శుద్ధ తప్పని బల్ల గుద్ది చెప్పు," అంది నిన్నటి ముక్తావళి.

అరుగు మీద బల్ల లేదు కాబట్టి అబ్బులు తొడ గుద్దుకున్నాడు. ఆ ఊపుకి బజ్జీ కిందపడింది. తీసి, ఉఫ్ మని ఊది, నోట్లో వేసుకున్నాడు.

పరీక్ష గదిలో కూర్చున్న ఇవాళ్టి అబ్బులు తల దించుకున్నాడు. "ఆ ఊదింది చూపించకుండా ఉండాల్సిందండాయ్," అన్నాడు.

పరీక్షకుడు ఆచార్య వైనతేయ మీట నొక్కి గోడని మళ్లీ గోడగా మార్చాడు.

"ముక్తావళీ, మొదటిసారి నువ్వు తెచ్చిన ప్రతివాది సగంలోనే నీతో ఒప్పేసుకున్నాడు. రెండోసారి తెచ్చిన ఆవిడకి అసలు వినపడదు."

"ఆవిడ కాదన్నట్టు తల ఊపారు కదండీ?"

"ఫ్యాను గాలికి ఊగింది. ఇప్పుడేమో బజ్జీలు పెట్టి తయారుచేసిన ప్రతివాది. సాయంత్రం అయిదింటికి పరీక్ష మూసేస్తాం. ఆలోపు నిజంగా నిన్ను కాదనే మనిషి రావాలి. రాకపోతే డిగ్రీ లేదు. రేపటి నుంచి ఈ విభాగమూ లేదు, దీన్ని శీతలీకరణ విభాగంలో కలిపేస్తున్నారు."

నిజమే. గుమ్మం పక్కన అప్పుడే రెండు ఫ్రిజ్‌లు తెచ్చి పెట్టారు. ఒకటి పని కూడా చేస్తోంది.

అప్పటికి గతదర్శిని వచ్చి ఒక తరం దాటింది. రాయి మీద, గోడ మీద, నీటి మీద పడిన వెలుగూ చప్పుడూ అక్కడే పొరలు పొరలుగా ఉండిపోతాయనీ, వాటిని తిరగేసి చూడొచ్చనీ ఎవరో కనిపెట్టారు. సర్కారువాళ్లు దానికి గతదర్శిని అని పేరుపెట్టారు. నరసాపురం జనం నిన్నపెట్టె అన్నారు. కొన్నాళ్లకి నిన్నపెట్టె లేని ఇల్లు, ఇల్లు కాకుండా పోయింది.

దాంతో దేశంలో తగవులు అంతరించాయి. కొబ్బరిచెట్టు ఎవరి గట్టులో మొలిచిందో, ఆవకాయలో ఉప్పు రెండుసార్లు వేసిందెవరో, ముందు చెయ్యెత్తిందెవరో, మీట నొక్కితే తేలిపోయేది. కోర్టుల్లో పావురాలు కాపురాలు పెట్టాయి. ప్లీడర్లు తమ నల్లకోట్లని రొయ్యల చెరువుల గట్ల మీద దిష్టిబొమ్మలకి తొడిగేశారు. కొంగలు వాటికి కొంత గౌరవం ఇచ్చేవట. అన్నిటికంటే పెద్ద నష్టం, గోదావరి జిల్లాల్లో వెటకారం దిగుబడి దారుణంగా పడిపోయింది. ఒకప్పుడు టీకొట్టు దగ్గర ఎవరేమన్నా గ్లాసు చల్లారేలోపు కాదనేవాడు దొరికేవాడు. ఇప్పుడు టీ తాగేసి, "సరే" అనుకుని, ఎవరిళ్లకి వాళ్లు పోతున్నారు.

అలాంటి కాలంలో చరిత్రలో బి.ఏ. పట్టా కావాలంటే గతదర్శిని ముందు దర్శనగంటలు నిండాలి. రెండు పాత లిపులు రావాలి. పరాయి ఇంటి గడప దాటి లోపలి గతాన్ని చూడకూడదనే తెరచట్టంలో పరీక్ష రాయాలి. సిద్ధాంత వ్యాసం సమర్పించాలి. ఇవన్నీ ముక్తావళి నీళ్లు తాగినంత తేలిగ్గా పూర్తిచేసింది. మిగిలింది పదిహేడో నియమం. వ్యాసాన్ని మనస్ఫూర్తిగా కాదనే మనిషి ఒకరు పరీక్షకుల ఎదుట వాదించాలి, విద్యార్థి ఆ వాదనకి తట్టుకుని నిలబడాలి.

నిన్నపెట్టె పుట్టకముందు ఎవరో పెద్దలు రాసిన నియమం అది. దాన్ని తీసెయ్యాలంటే సభలో ఎవరైనా లేచి అభ్యంతరం చెప్పాలి. అభ్యంతరం చెప్పేవాళ్లే దొరక్క అది అలాగే ఉండిపోయింది. చరిత్ర చదివినవాళ్లు ఆ ఒక్క మెట్టు దగ్గరే ఆగిపోయి వేరే పనులు చూసుకున్నారు.

ముక్తావళి చూసుకోదు. చిన్నప్పుడు బళ్లో నిన్నపెట్టె ముందు కూర్చుని ఆ అమ్మాయి, "రాజుగారు ఎందుకు ఏడుస్తున్నారు?" అని అడిగింది. పెట్టె ఆ ఏడుపునే ఇంకాస్త పెద్దగా, ఇంకాస్త దగ్గరగా చూపించింది. మళ్లీ అడిగితే కన్నీటి బొట్టు గోడంత అయ్యింది. ఆ రోజే అనుకుంది, పెద్దయ్యాక బళ్లో పిల్లలకి చరిత్ర చెప్పాలని. బళ్లో చరిత్ర చెప్పాలంటే మాత్రం డిగ్రీ కావాలి.

"అయిదింటికి వస్తానండి. ప్రతివాదితో వస్తాను," అంది లేస్తూ.

బల్లకి ఆ చివర కూర్చున్న రెండో పరీక్షకురాలు, ఆచార్య సత్యవేణి, తల ఊపింది. వైనతేయ, సత్యవేణి భార్యాభర్తలు. మధ్యలో ఉన్న టిఫిన్ క్యారేజీని బట్టి తెలియాలి తప్ప, మాటల్ని బట్టి తెలీదు. వాళ్లింట్లో ఏ మాట తేడా వచ్చినా నిన్నపెట్టె అక్కడికక్కడే తేల్చేసేది. తప్పు తేలినవాళ్లు సరే అనేవాళ్లు. అలా సరే, సరే అనుకుంటూ వచ్చి, చివరికి అనుకోవడానికి ఏమీ మిగల్లేదు.

రేవుకొచ్చారు బావా మరదళ్లు. ముక్తావళి వ్యాసం ఆ రేవు గురించే. దాదాపు నూరేళ్ల కిందట సూరన్న అనే సరంగు మగపెళ్లివారిని పడవలో ఎక్కించుకుని అవతలి ఒడ్డుకి బయల్దేరాడు. నడిగోదావరిలో పడవ ఆపి కాసేపు చూశాడు. చూసి, వెనక్కి తిప్పేశాడు. ఎందుకని అడిగితే "మబ్బండి" అన్నాడు. ముహూర్తం దాటిపోయింది, పెళ్లి తప్పిపోయింది. వాన మాత్రం పడలేదు. సూరన్న మబ్బుకి భయపడి పడవ తిప్పాడని ముక్తావళి రాసింది.

రేవులో కనిపించిన ప్రతివాళ్లనీ ఆపి, "మీరిది కాదంటారా?" అని అడిగింది. పూతరేకులు అమ్మే ఆవిడ, "ఎందుకు కాదంటానమ్మా, నేనూ పెట్టెలో చూశాగా. శుభ్రంగా మబ్బేసింది," అంది. వల బాగుచేసుకుంటున్న ఆయన, "ఎవరైనా కాదన్నారా? పాపం, కళ్లద్దాలు మార్చుకోమను," అన్నాడు. పంటు మీద గోదావరి దాటి దిగిన పెళ్లిబృందం మొత్తం కట్టగట్టుకుని ఒప్పుకుంది. పనిలో పనిగా అక్షింతలు కూడా వేసింది.

మధ్యాహ్నం దాటింది. అబ్బులు గట్టు మీద చతికిలబడ్డాడు.

"ఒసే ముక్తా, కోప్పడనంటే ఒక మాట సెప్తాను."

"చెప్పి ఏడువు బావా."

"మబ్బేసిందని నువ్వే రాత్తావు. మబ్బెయ్యలేదనేవోణ్ణి మళ్లీ నువ్వే ఎతుకుతావు. సూరీడు తూరుపున పొడుత్తాడని రాసుకుని, కాదనేవోడు దొరకలేదని గోదారి గట్టెమ్మట తిరుగుతున్నావే తల్లీ! పెట్టెలో అవుపడేదాన్ని ఎవడు కాదంటాడు?"

ముక్తావళి బావ వంక చూసింది. ఆ చూపుకి అబ్బులు కాస్త వెనక్కి జరిగాడు.

"మళ్లీ అను."

"ఏటి, సూరీడా?"

"కాదు. పెట్టెలో అవుపడేది."

ఆ అమ్మాయి జేబుదర్శిని తీసి నీళ్లకేసి పెట్టింది. నూరేళ్ల నాటి గోదావరి మెల్లగా పైకి తేలింది. ఈసారి మబ్బుని చూడలేదు, సూరన్నని చూసింది. నడిగోదావరిలో పడవ ఆపినప్పుడు అతను ముందు చూసింది ఆకాశం వైపు కాదు, అవతలి ఒడ్డు వైపు. ఆకాశాన్ని ఆ తరవాత చూశాడు, అడిగేవాళ్లకి చెప్పడానికి ఏదో ఒకటి వెతుక్కుంటున్నట్టు. ముక్తావళి ఇంకా వెనక్కి తిప్పింది. అంతకు వారం ముందు అంతకంటే నల్లటి మబ్బు, చెంపలు వాయించే గాలి. సూరన్న పాట పాడుకుంటూ పడవ నడుపుతున్నాడు. మరికొన్నేళ్లు వెనక్కి తిప్పి, ఆ పడవ ఎక్కినవాళ్లందరినీ చూసింది.

"బావా, లే."

"ఎక్కడికే? ఎవడూ దొరకలేదుగా!"

"ఇవాళ నేను తప్పు అవ్వగలిగిన మాట ఒకటి చెప్తాను. అప్పుడు దొరక్క ఎక్కడికి పోతారు!"

అయిదింటికి ముక్తావళి పరీక్షకుల ముందు పాత వ్యాసం పక్కన పెట్టేసింది.

"నా సిద్ధాంతం మార్చుకున్నానండి. సూరన్న మబ్బుకి భయపడలేదు. ఆ పెళ్లికూతురు నూకరత్నం లేసు అల్లిక నేర్చుకోడానికి ఏళ్ల తరబడి అతని పడవలోనే ఈ ఒడ్డుకొచ్చేది. ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా వాగుతూనే ఉండేది. పెళ్లి కుదిరాక ఒక్క మాట మాట్లాడలేదు. ఆ పెళ్లికొడుకుని తన చేత్తో తీసుకెళ్లి ఆ పిల్ల ముందు దింపడం సూరన్నకి ఇష్టంలేకపోయింది. అందుకే తిప్పేశాడు."

"ప్రతివాది ఏడీ?" అన్నాడు వైనతేయ.

"వస్తారండి."

"ఎవరొస్తారు? అయినా ఇదేం సిద్ధాంతం? సూరన్న తన నోటితో మబ్బు అన్నాడు. ఒక మనిషి ఫలానా అని చెబితే ఫలానాయే. అతని మనసులో దూరి వేరే కారణం లాక్కురావడానికి నువ్వెవరు? నేను ఒప్పుకోను!"

గదిలో ఫ్రిజ్ కూడా ఒక్క క్షణం ఆగినట్టు అనిపించింది. వైనతేయ తన నోటివైపు తనే అనుమానంగా చూసుకున్నాడు. "పరీక్షకుడు ప్రతివాది కావచ్చా?" అన్నాడు.

"కాకూడదని ఎక్కడా లేదండి. అన్నీ చదివాను," అంది ముక్తావళి.

"మబ్బూ కాదు, ఆ పిల్లా కాదు," అంది సత్యవేణి. ఇద్దరూ అటు తిరిగారు. ఆవిడ గొంతు వాళ్లలో ఒకరికి కొత్త, ఇంకొకరికి మరీ పాత. "పెళ్లికొడుకు మావయ్య పడవెక్కి ఏమన్నాడు? పడవ కంపు కొడుతోంది, నడిపేవాడు ఇంకా కంపు కొడుతున్నాడు అన్నాడు. అందరూ నవ్వారు. సూరన్న నవ్వలేదు. మాట పడిన మనిషండీ అతను. మాట పడినవాడు మబ్బు అనే చెప్తాడు."

"సత్యవేణి గారూ, అతను మబ్బు అన్నది స్పష్టంగా వినపడుతోంది."

"వినపడుతుంది. మా చెల్లెలి పెళ్లినాడు మీరు తలనొప్పి అన్నదీ వినపడుతుంది. మీరు రాలేదని నేను గొడవపడితే పెట్టె పెట్టి చూపించారు. తల పట్టుకుని కూర్చున్నారు. నిజమే కదా అని నోరు మూసుకున్నాను. తల పట్టుకున్నది కనపడింది సరే, ఎందుకు పట్టుకున్నారో కనపడిందా?"

వైనతేయ గొంతు సవరించుకున్నాడు. "తలనొప్పేనే," అన్నాడు.

'గారు' ఎటు పోయిందో ఎవరూ వెతకలేదు.

"మబ్బు!" అంది సత్యవేణి. "ఇన్నేళ్ల నుంచీ మబ్బే!"

"పెళ్లికి ముందురోజు మీ నాన్న అరుగు మీద నలుగురిలో నన్ను... పోనీలే."

"ఏమన్నాడు మా నాన్న?"

"చరిత్ర చదివినవాడికి పిల్లనిచ్చాను, ఇక మిగిలిన పిల్లనైనా బతకనేర్చినవాడికి ఇస్తున్నాను అన్నాడు. అందరూ నవ్వారు. సరేనా!"

సత్యవేణి ఆయన వైపు తిరిగింది. "అది నాకెందుకు చెప్పలేదు?" అంది.

"నువ్వడగలేదు. పెట్టెనడిగావు."

వెనక బెంచీ మీద అబ్బులు మరదలి చెవిలో, "మనం ఎల్లిపోదామేటే? ఇది మన కేసు కాదు," అన్నాడు. ముక్తావళి కదల్లేదు. గడియారం అయిదున్నర చూపిస్తోంది. ముద్ర వైనతేయ చేతికింద ఉంది. వాళ్లిద్దరూ చెరో గోడకేసి చూస్తూ కూర్చున్నారు. ఇంకొక్క నిమిషం పోతే ఎవరో ఒకరు 'సరే' అనేలా ఉన్నారు. అన్నారంటే తన డిగ్రీ సంగతి దేవుడెరుగు, వాళ్ల సంగతి కూడా అంతే అనిపించింది ఆ అమ్మాయికి.

"నువ్వు చెప్పమ్మా," అంది సత్యవేణి నీరసంగా. "మబ్బా, మాట పడటమా?"

పరీక్షకుల్లో ఎవరో ఒకరి పక్షాన చేరితే పని ఎంత తేలికో ముక్తావళికి తెలుసు. నడుం మీద చేతులు పెట్టుకుంది.

"మీ ఇద్దరిదీ తప్పేనండి. ఒకరికి చెవులే ఉన్నాయి. ఇంకొకరికి సొంత బాధ తప్ప వేరేది కనపడదు. ఆ పిల్ల గురించి ఇద్దరిలో ఒక్కరూ ఆలోచించలేదు."

"ఏంటీ?" అన్నాడు వైనతేయ.

"ఏంటీ?" అంది సత్యవేణి.

ఇద్దరూ ఒక్కసారే లేచారు. ఆ తరవాత చాలాసేపు ఆ గదిలో నూకరత్నం మౌనానికి ఉండగల కారణాలన్నీ చర్చకొచ్చాయి. పంటినొప్పి దగ్గర్నుంచి పెళ్లిబెంగ దాకా సత్యవేణి ఏకరువు పెట్టింది. "అదీ! అలా అడుగు!" అని వైనతేయ పక్కనుంచి అందించాడు. ముక్తావళి ఒక్కొక్కదానికీ సమాధానం చెప్పింది. కొన్నిటికి లేక నీళ్లు నమిలింది. కానీ కూర్చోలేదు. అరుపులకి శీతలీకరణ విభాగంవాళ్లు ఏదో పేలిందనుకుని ఇసుక బకెట్లతో వచ్చి, గుమ్మంలో నిలబడి కాసేపు విని, రెండు పక్షాలుగా చీలిపోయారు.

చివరికి వైనతేయ ముద్ర ఎత్తి పట్టా మీద గట్టిగా గుద్దాడు. బల్ల అదిరింది.

"పాసయితే అయ్యావు గానీ, నీ సిద్ధాంతం మాత్రం శుద్ధ తప్పు!"

"థాంక్సండి," అంది ముక్తావళి. పట్టా అందుకుని బావ చేతికిచ్చింది. అబ్బులు దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు.

"మన ఇద్దరిదీ తప్పంటుందేమిటండీ ఈ పిల్ల!" అంది సత్యవేణి మొగుడి పక్కన కుర్చీలో కూలబడుతూ. ఆ కుర్చీలో ఆవిడ కూర్చోవడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. టిఫిన్ క్యారేజీ విప్పి ఒక గిన్నె ఆయన ముందుకి తోసింది. "అయినా మా నాన్న అలా అని ఉండడు. బతకనేర్చినవాడు అనడు. ఆయనకి అంత మాట రాదు."

"అన్నాడే! నేను విన్నాను! ఉండు, ఆ అరుగు, ఆ రోజు..." అంటూ వైనతేయ అలవాటుగా గతదర్శిని మీట మీద చెయ్యి వేశాడు.

సత్యవేణి క్యారేజీకి చుట్టి తెచ్చిన తువ్వాలు విదిలించి పెట్టె మీద కప్పేసింది.

"దాన్ని అలా ఉండనివ్వండి," అంది. "మీరు చెప్పండి."