ముందే చూపించిన కడ రీలు

"ఇంగొక రీలు ఉండాది, యాడికి పోతాండారు?" అని అడగనే అడిగేశాడు దేవేంద్రప్ప.

బేతంచెర్లలో డేరా సినిమా. ఉన్నది ఒకటే మిషను, కాబట్టి రీలు అయిపోయినప్పుడల్లా దీపం వేసి కొత్త రీలు ఎక్కించాలి. ఆ వెలుతురులోనే ఆపరేటరు దేవేంద్రప్ప కృష్ణవేణిని చూసేవాడు. చిన్న వయసులోనే మొగుడు పోయిన పిల్ల. అత్త సుబ్బరత్నమ్మతో ఒకే బొమ్మకు రోజూ వచ్చేది, కడ రీలుకు ముందే లేచిపోయేది.

"బొమ్మలో ఆమె సచ్చేది నువ్వే చూసుకోప్పా," అంది కృష్ణవేణి.

"సస్తాదని ఎవురు సెప్పినారు? బతుకుతాది."

"మొగుడు పోయిన ఆడది సినిమాల్లో బతికిందా యాడన్నా? నన్ను ఓదార్చాకు."

ఆ బొమ్మలో పాటల్లేవు, కత్తియుద్ధాల్లేవు. మొగుణ్ని పోగొట్టుకున్న ఒక ఆడమనిషి, ఒక ఇల్లు, అంతే. "ఇదేం బొమ్మ నాయనా" అని ఊరు మొహం తిప్పుకుంది. రేపటి ఆట అయ్యాక రీళ్ల పెట్టె కడపకు వెళ్లిపోతుంది. ఆ తర్వాత ఈ పిల్ల జన్మంతా ఆమె చచ్చిపోయిందనే అనుకుంటుంది. ఆ బాధతో దేవేంద్రప్పకు అన్నం సయించలేదు. మనసు పడ్డాడు పాపం, ఇంకేముంది!

మర్నాడు సాయంత్రం కడ రీలే ముందు ఎక్కించాడు.

మేనేజరు గోపన్న పరుగున వచ్చాడు. "తోక ముందు, తల ఎనకనా? మతి ఉండాదా నీకు?"

"ఈ ఒక్కపూటకు పోనీ అన్నా."

తెర మీద వాన. ఆ ఆడమనిషి ఏళ్లుగా మూసిన తలుపు తీసి, చూరు కింద నిలబడ్డవాడితో "తడుస్తారు, లోపలికి రండి" అంది. నవ్వింది కూడా.

తర్వాత మొదటి రీలు, మొగుడి చావు. కృష్ణవేణి ఈసారి కదల్లేదు. ఏడుపు ఎక్కడో ఆగుతుందని తెలిసిన మనిషిలా, తనివితీరా ఏడ్చింది.

ఆట అయ్యాక మిషను దగ్గరికొచ్చింది. "నాకోసమే ముందేసినావు కదా?"

"ఊ. నువ్వు బతకల్లని."

ఆమె కళ్లు తుడుచుకుని అత్త వెంట వెళ్లిపోయింది. అతను ఆ రాత్రంతా కలలోనే తిరిగాడు.

పొద్దున పెట్టెను కడప రైలెక్కించి వస్తుంటే, ఎప్పుడూ మొహం చాటేసే వాన దంచి కొట్టింది. తలదాచుకున్నది ఎవరి చూరు కిందో తలుపు తెరుచుకున్నాకే తెలిసింది.

గడపలో కృష్ణవేణి. వెనక సుబ్బరత్నమ్మ, కొడుకు పటం తుడుస్తూ.

"పిలువత్తా, తడుస్తాండాడు," అంది కృష్ణవేణి మెల్లగా.

సుబ్బరత్నమ్మ పటాన్ని గోడకు తగిలించి కళ్లొత్తుకుంది. "నేను పిలిస్తే ఏముండాది వేణీ? నువ్వే పిలువు."

కృష్ణవేణి పిలిచింది. దేవేంద్రప్ప తడిసిన చెప్పులు గడప బయట విడిచాడు.