ఒకటో తారీఖు ఓడీల్‌కి కుదరదు

డిసెంబరు ఇరవై తొమ్మిది పొద్దున ఓడీల్ ఇంట్లో భోజనాల బల్ల మీద మోచెయ్యి ఆనించడానికి కూడా చోటు లేదు. ఒక గిన్నెలో పసుపు తళుకులు, ఇంకో గిన్నెలో నల్ల తళుకులు, మధ్యలో జిగురు సీసా, ఆ చివర తీగకి సన్నటి బట్ట బిగించి చేసిన రెండు పెద్ద రెక్కలు. ఓడీల్ కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, నడుంపట్టీ మీద ఒక్కో తళుకూ అంటిస్తోంది. ఆమెకి అరవై మూడేళ్ళు. ఫ్రాన్స్‌లో బ్రెటన్ సముద్రతీరాన పుట్టింది. భర్త ఉద్యోగం వెంట ఫిలడెల్ఫియా వచ్చి ఇరవై ఏళ్ళయింది. ఆ భర్త, ఎర్వే, పోయి పద్నాలుగు నెలలు.

కూతురు నోల్వెన్ మేడ మెట్లు దిగి వచ్చి, కాఫీ గిన్నె రెండు చేతులతో పట్టుకుని నిలబడిపోయింది.

"అమ్మా, దీన్ని ఎక్కడ పెట్టుకుని తాగను?"

"నిలబడి తాగు. ఫ్రెంచివాళ్ళం, మనకి అలవాటేగా."

నోల్వెన్ నవ్వలేదు. "ఏమిటిది?"

"నా నడుం."

"అది తెలుస్తూనే ఉంది. దేనికీ అని."

"కొత్త సంవత్సరం ఊరేగింపుకి. ఈసారి మా వేషాల క్లబ్బువాళ్ళం అందరం తేనెటీగలం. విన్స్ ఒక్కడే ఎలుగుబంటి. మా వెనకాల పడి తరుముతాడు."

"నీ వయసెంతో గుర్తుందా?"

"ఉంది. అందుకే నన్ను మూడో వరసలో పెట్టారు. మొదటి వరసవాళ్ళు గెంతాలి."

నోల్వెన్‌కి ముప్పై ఎనిమిదేళ్ళు. తల్లిదండ్రులు అమెరికా వచ్చేసినప్పుడు చదువుకోసం ఫ్రాన్స్‌లోనే ఉండిపోయింది. ఆ తరవాత ఎప్పుడొచ్చినా వేసవిలోనే. చలికాలంలో ఈ ఊరు చూడటం ఇదే మొదలు. వచ్చిన తొమ్మిది రోజుల్లో ఆమె మొహం రోజురోజుకీ ముడుచుకుపోతూ వచ్చింది. వాకిట్లో గాలి ఊది నిలబెట్టే ఎనిమిదడుగుల మంచుమనిషి బొమ్మ. పగలు గాలి తీసేస్తే మెట్ల మీద తాగి పడిపోయినవాడిలా వాలిపోయి ఉంటాడు. కిటికీలకి ఎర్ర దీపాలు, పిట్టగోడకి పచ్చ దీపాలు. క్రిస్మస్ ముందురోజు పక్కింటి రోజలీ వాళ్ళింట్లో, ఇటలీవాళ్ళ ఆనవాయితీ ప్రకారం, ఏడు రకాల చేపల విందు. ఆ విందులో తన తల్లి, చేతిలో వేయించిన చేపతోనే, రోజలీ మొగుడు విన్స్‌తో కలిసి డాన్సు చేసింది. నోల్వెన్ ఆ రోజు తలనొప్పని చెప్పి ముందే లేచి వచ్చేసింది.

ఇప్పుడు ఆమె కాఫీ గిన్నెని కిటికీ గట్టు మీద పెట్టి, తల్లి ఎదురుగా కూర్చుంది.

"అమ్మా, నీతో ఒక విషయం మాట్లాడాలి. మన వాన్ ఊళ్ళో మా ఇంటికి అయిదు నిమిషాల దూరంలో ఒక వాటా చూశాను. కిందంతస్తే. కిటికీలోంచి రేవు కనిపిస్తుంది. అత్తయ్య కూడా వచ్చి చూసి బావుందంది."

"ఎవరికి?"

"నీకే. టికెట్లు కూడా కొనేశాను. మనిద్దరికీ. ఒకటో తారీఖు సాయంత్రం ఆరున్నరకి విమానం. ముందు మూడు నెలలుండు, నచ్చితే..."

ఓడీల్ చేతిలో తళుకు అలాగే ఆగిపోయింది. కూతురి మొహంలోకి చూసింది. తరవాత గోడమీద క్యాలెండరు వంక చూసింది.

"ఒకటో తారీఖా? ఆ రోజు నాకు కుదరదే."

"కుదరకపోవడం ఏమిటమ్మా!"

"ఇప్పుడేగా చెప్పాను, ఊరేగింపుందని."

అదే సమయానికి రోజలీ తలుపు తోసుకుని లోపలికొచ్చింది. నోట్లో గుండుసూదులు, మెడలో టేపు. క్లబ్బులో కుట్టుపనంతా ఆమెదే. మొన్న వేసవిలో, ఓడీల్ ఇంట్లోంచి బయటికి రాకుండా కూర్చుంటే, తలుపు బాది, "జిగురు పుయ్యడానికి మనుషులు చాలట్లేదు, ఏడవాలంటే అక్కడికొచ్చి ఏడువు," అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది ఆవిడే.

"లే ఓడీల్, రెక్కలు సరిచూడాలి," అంది సూదుల మధ్యలోంచి.

"మీరైనా చెప్పండి," అంది నోల్వెన్. "ఈవిణ్ణి ఇంటికి తీసుకెళ్ళాలని వచ్చాను."

రోజలీ నోట్లో సూదులు ఒక్కొక్కటే తీసి కాలరుకి గుచ్చుకుంది. "ఇల్లంటే ఇది కాదూ?"

"మీకిది తమాషాగా ఉందేమో. మా అమ్మని మీరంతా కలిసి విదూషకురాలిని చేసేశారు."

"పిల్లా, మేమందరం విదూషకులమే. మా నాన్న, మా తాత కూడా. అదేం తిట్టు కాదు ఈ వీధిలో." రోజలీ ఓడీల్ భుజం తట్టింది. "నేను మధ్యాన్నం వస్తా. మీరు మాట్లాడుకోండి."

తలుపు మూసుకోగానే నోల్వెన్ గొంతు పెరిగింది.

"నవంబరు ఒకటో తారీఖున, అందరూ సమాధుల మీద పూలు పెట్టే పండగ రోజు, వాన్‌లో నాన్న సమాధి దగ్గరికి నేనొక్కదాన్నే చామంతులు పట్టుకుని వెళ్ళాను. నాన్న పోయి ఏడాది కదా, అమ్మ వస్తుందనుకున్నాను. రాలేదు. స్మశానం గేటు దగ్గర అత్తయ్య ఫోను తీసి, ముందురోజు హాలోవీన్ రాత్రి నీ ఫొటో చూపించింది. మంత్రగత్తె టోపీ, పచ్చరంగు ముక్కు! పళ్ళికిలిస్తూ పిల్లలకి చాక్లెట్లు పంచుతున్నావు. నేను సిగ్గుతో చచ్చిపోయాను."

"ఆ ముక్కు ఊడిపోకుండా అంటించడానికి గంట పట్టింది."

"అమ్మా!"

ఓడీల్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. 

"మీ నాన్న మంచివాడు. ఆయనంటే నాకు ప్రాణం. అది నువ్వు నాకు చెప్పక్కర్లేదు. కానీ పండగలంటే ఆయనకి గిట్టేది కాదు. ఇదంతా కొట్లవాళ్ళు పుట్టించిన పిచ్చి అనేవాడు. అక్టోబరు ముప్పై ఒకటిన నాలుగింటికే వాకిట్లో దీపం ఆర్పేసేదాన్ని, పిల్లలు మిఠాయిల కోసం తలుపు కొట్టకుండా. ఇద్దరం వెనకగదిలో కూర్చుని రేడియో వినేవాళ్ళం. మెట్ల మీద పిల్లలొచ్చి, 'ఇక్కడెవరూ లేర్రా' అనుకుంటూ వెళ్ళిపోయేవాళ్ళు. వినిపించేది. పందొమ్మిదేళ్ళు విన్నాను నోల్వెన్."

"అయితే నాన్న ఎప్పుడు పోతాడా అని..."

"నోరు ముయ్యి!"

ఓడీల్ చేతి దెబ్బకి తళుకుల గిన్నె బోర్లాపడింది. పసుపు తళుకులు నేలంతా పరుచుకున్నాయి. ఇద్దరిలో ఎవరూ వాటి వంక చూడలేదు.

"ఆ మాట ఇంకోసారి అన్నావంటే ఊరుకోను. ఆయన అడిగాడు, నేను ఆర్పాను. ఇష్టపడే ఆర్పాను. ఇప్పుడు అడిగేవాళ్ళు లేరు, వెలిగించాను. అది కూడా ఇష్టపడే. దీనికి నేను ఎవరి అనుమతీ అడగను. మీ అత్తయ్యది అస్సలు అడగను, నీదీ అడగను. నల్లబట్టలు కట్టుకుని రేవు వంక చూస్తూ కూర్చోమంటే నా వల్ల కాదు. ఆయన కోసం ఏడవడం నాకు తెలుసు. ఎలా ఏడవాలో మీరు నేర్పక్కర్లేదు."

నోల్వెన్ గొంతు చిన్నపిల్ల గొంతులా వచ్చింది.

"నాన్న పోయాడని నువ్వు ఫోను చేసినప్పుడు నేను కూరగాయల కొట్లో వరసలో నిలబడి ఉన్నాను. చేతిలో ఉల్లికాడల కట్ట. వెనకాల ఒకాయన త్వరగా కదలమని విసుక్కుంటున్నాడు. నీ గురించి కూడా నాకు అలాగే ఫోను వస్తుంది. ఎవరో రోజలీ చేస్తుంది. అప్పుడు నేను ఏ కొట్లో ఉంటానో?"

ఈ తొమ్మిది రోజుల చిటపటల వెనక ఉన్నది ఇదని ఓడీల్‌కి ఇప్పుడు తెలిసింది. లేచి కూతురి తల మీద చెయ్యి వేసింది.

"ఈస్టరుకి వస్తాను తల్లీ. నెల్లాళ్ళుంటాను. నీకు విసుగొచ్చేదాకా వంట చేసి పెడతాను. కానీ తిరిగి వచ్చేస్తాను. నువ్వు భయపడుతున్నావని నేనొక గదిలో కూర్చోలేను."

నోల్వెన్ ఆ చేతిని మెల్లిగా తీసేసింది. కోటు వేసుకుని బయటికి వెళ్ళిపోయింది.

తరవాత రెండు రోజులూ ఇంట్లో మాటలు లెక్కగా నడిచాయి. ఉప్పు అందుకో, తువ్వాలు ఎక్కడ, తలుపు వేశావా, అంతే. ఓడీల్ రెక్కలు పూర్తి చేసింది. నోల్వెన్ పెట్టె సర్దుకుంది. రెండో టికెట్టు గురించి తల్లి అడగలేదు, కూతురు చెప్పలేదు.

జనవరి ఒకటి తెల్లవారేసరికి ఎండా గాలీ కలిసి వచ్చాయి. ఆ గాలికి రెక్కలు నిలుస్తాయా అని క్లబ్బులో ఒకటే గోల. బయల్దేరే ముందు ఓడీల్ కూతురి గది తలుపు తట్టింది. నెత్తిన తేనెటీగ మీసాలు రెండు ఊగుతున్నాయి, బుగ్గల మీద పసుపు రంగు.

"వెళ్తున్నాను. పదకొండున్నరకి సిటీ హాల్ దగ్గర మొదలవుతాం. నువ్వు విమానాశ్రయం రైలు ఎక్కేది కూడా ఆ పక్కనే."

"చూద్దాం," అంది నోల్వెన్, పెట్టె మీదనుంచి తల ఎత్తకుండా.

బ్రాడ్ వీధి రెండువైపులా జనం కిక్కిరిసి ఉన్నారు. తమకి ముందు వెళ్తున్న క్లబ్బువాళ్ళ బాంజోలు, సాక్సఫోన్‌లు దూరమవుతుంటే, విన్స్ ఎలుగుబంటి తలలోంచి అరిచాడు. "ఏం జరిగినా సరే, వరస చెదరకూడదు! రెక్క ఊడినా సరే, మొగుడు కనిపించినా సరే!" అందరూ నవ్వారు. ఓడీల్ కూడా నవ్వింది. బాజా మొదలైంది.

మొదటి వంద అడుగులూ ఆమెకి తన ఊపిరి చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. రెండడుగులు ముందుకి, ఒక తిరుగుడు, మోకాలు పైకి. గాలి రెక్కల్లో దూరి ఆమెని పక్కకి లాగుతోంది. పెద్దావిడ తేనెటీగని చూసి జనం చప్పట్లు కొట్టారు. ఎవరో "అదీ బామ్మంటే!" అని కేక వేశారు.

అప్పుడు కనిపించింది నోల్వెన్. అడ్డంగా కట్టిన కంచెకి అవతల, పక్కన పెట్టె నిలబెట్టుకుని.

ఓడీల్‌కి ఆ కంచె దగ్గరికి పరిగెత్తాలనిపించింది. క్షమించు, వచ్చేస్తాను, అని చెప్పెయ్యాలనిపించింది. నాలుగడుగులే. కానీ వెళ్ళలేదు. కూతురి కళ్ళలోకి చూస్తూనే మోకాలు ఇంకా పైకి ఎత్తింది, ఇంకా గట్టిగా తిరిగింది, రెక్కలు టపటపలాడించింది. ఇదిగో, ఇది నేను. చూడు.

నోల్వెన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ చెయ్యి వెనక ఏడుస్తోందో నవ్వుతోందో ఓడీల్‌కి తెలియలేదు. బాజా ముందుకి లాక్కెళ్ళిపోయింది. ఇంక వెనక్కి తిరిగి చూడటానికి లేదు.

మరో వీధి మలుపు దాటాక పేవ్‌మెంటు మీద చక్రాల గడగడ వినిపించింది. ఓరగా చూసింది. నోల్వెన్ పెట్టె లాక్కుంటూ, జనాన్ని తోసుకుంటూ, వాళ్ళ కాళ్ళు తొక్కి క్షమాపణలు చెప్పుకుంటూ, ఊరేగింపు పక్కనే నడుస్తోంది. రైలు స్టేషను ఎప్పుడో వెనకబడిపోయింది. ఆ మలుపు, ఆ పై మలుపు, ఇంకో మలుపు. "అమ్మా, ఎడమ రెక్క జారుతోంది!" అని ఫ్రెంచిలో అరిచింది ఒకచోట. ఓడీల్ ఎడమ భుజం ఎగరేసి రెక్క సర్దుకుంది.

వాషింగ్టన్ వీధి దగ్గర ఊరేగింపు ముగిసింది. ఓడీల్ ఒక ఇంటి మెట్ల మీద కూలబడింది. కాళ్ళు తనవి కానట్టున్నాయి. నోల్వెన్ వచ్చి పక్కన కూర్చుంది. పెట్టె తెరిచి, తన ఉన్ని శాలువా తీసి తల్లి భుజాల మీద, రెక్కల కింద నుంచి దూర్చి కప్పింది.

"నీ టికెట్టు నిన్ననే రద్దు చేశాను," అంది.

ఓడీల్ ఆమె చెయ్యి పట్టుకుంది. కాసేపు ఇద్దరూ ఏడ్చారు. చుట్టూ తేనెటీగలు సీసాలు అందించుకుంటూ, ఎలుగుబంటిని ఆటపట్టిస్తూ తిరుగుతున్నాయి.

"మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయా?"

"చచ్చేంత."

"వచ్చే ఏడాది మళ్ళీ చేస్తావా?"

"చేస్తాను," అంది ఓడీల్ కళ్ళు తుడుచుకుంటూ. "నువ్వేమన్నా సరే చేస్తాను."

నోల్వెన్ పెట్టె మూసి, దాని మీద గడ్డం ఆనించుకుంది.

"నేనేమీ అనట్లేదు. ఊరేగింపుకి నేను ఎప్పట్నించి ఎప్పటిదాకా రావాలో ముందుగా చెప్పు. మా ఆఫీసులో సెలవు పెట్టుకోవాలంటే సెప్టెంబర్లోనే అడగాలి."